ఆగిపోయిన చదువుకు టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్: ఏమేం కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను తెలుగు చెప్తాను. ఆదివారాలు, సెలవు రోజుల్లో, రోజూ బడికి వెళ్లకుండా టెన్త్, ఇంటర్ చదువుకునే ఓపెన్ స్కూల్ క్లాసులు కూడా తీసుకుంటాను. చేరడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ముందు అడిగేది ఫీజు ఎంత అని. ఆ వెంటనే, 'ఈ వయసుల పాసైతమా మేడం?' అని. రెండింటికీ జవాబు చెప్తాను గానీ, అంతకంటే ముందు నేనే ఒకటి అడుగుతాను. ఈ సర్టిఫికెట్ మీకు దేనికోసం కావాలి?

ఏ దారిలో వెళ్లాలి, ఏ సబ్జెక్టులు పెట్టుకోవాలి అన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది. 'టెన్త్ పాస్ అని ఉంటే చాలు' అనుకుని తేలికైన సబ్జెక్టులతో గట్టెక్కినవాళ్లు, తర్వాత ఏదో ఉద్యోగం నోటిఫికేషన్ పట్టుకుని మళ్లీ వస్తుంటారు. మెమోలో లేని సబ్జెక్టును అప్పటికప్పుడు తెచ్చి పెట్టలేం కదా.

ముందు అవసరం చూసుకోండి

అంగన్‌వాడీ టీచర్ పోస్టుకు ఒకప్పుడు టెన్త్ సరిపోయేది, ఇప్పుడు ఇంటర్ అడుగుతున్నారు. పోలీస్ కానిస్టేబుల్‌కూ ఇంటరే. ఐటీఐలో చాలా ట్రేడులకు టెన్త్ చాలు. పాలిటెక్నిక్‌లో చేరాలంటే పాలిసెట్ రాయాలి. టెన్త్‌లో గణితం పాసైనవాళ్లకే ఆ అవకాశం.

తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పోస్టుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన పల్లెల్లో పనిచేస్తూ ఇల్లు చూసుకోవాలనుకునే ఆడపిల్లలకు అది మంచి ఉద్యోగం. దానికి రాత పరీక్ష ఉండదు, టెన్త్ మార్కులను బట్టే తీసుకుంటారు. అయితే టెన్త్‌లో గణితం, ఇంగ్లిష్ పాసై ఉండాలి. అంటే అక్కడ 35తో పాసైన మెమోకూ 80తో పాసైన మెమోకూ చాలా తేడా. 'పాసైతే చాలు, మార్కులెవరు చూస్తరు' అనే మాట ఈ ఉద్యోగం దగ్గర చెల్లదు.

గల్ఫ్ సంగతి మా ఆడబిడ్డ వాళ్ల ఊళ్లో చూశాను. వాళ్లది జగిత్యాల వైపు. అక్కడ ప్రతి వాడలో ఎవరో ఒకరు దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటారు. టెన్త్ పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ లాంటి దేశాలకు పనికోసం వెళ్లాలంటే వాళ్లు ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. చదువు తక్కువున్నవాళ్లను ఏజెంట్లు మోసం చేయకుండా పెట్టిన ఏర్పాటే అది, మంచిదే. కానీ టెన్త్ పాస్ మెమో చూపిస్తే ఆ అవసరం ఉండదు. టెన్త్ దాకా చదివి ఫెయిలైతే కుదరదు, పాస్ మెమోనే కావాలి. వెళ్లాలనుకున్న ఏడాది కాకుండా, ఒకట్రెండేళ్ల ముందే ఈ పని మొదలుపెట్టమని పోరగాళ్లకు చెప్పండి.

మీది ఏ దారి?

బడి మానేసిన పిల్లకు పన్నెండో పదమూడో ఏళ్లుంటే, ఆ తల్లిదండ్రులకు నేను ఓపెన్ స్కూల్ సంగతే ఎత్తను. ఆ పిల్ల బడికే వెళ్లాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. టీసీ లేదనో, వయసు రుజువు లేదనో వెనక్కి పంపకూడదు. ఆడపిల్లయితే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఉంది. బడి మధ్యలో ఆపేసిన పిల్లల కోసమే వాటిని పెట్టారు, తిండి, వసతి అక్కడే. పత్తి ఏరడానికి తీసుకుపోతున్న పిల్లను 'ఓపెన్‌ల కట్టిస్తం లే' అని ఇంట్లోనే ఉంచేయడం నాకు అస్సలు నచ్చదు. పద్నాలుగు దాటిందని అదే పనిగా ఓపెన్ స్కూల్‌కు తెచ్చినా, ముందు కస్తూర్బాలో సీటుందేమో అడిగి రమ్మంటాను.

టెన్త్ రెగ్యులర్‌గా చదివి, ఒకటో రెండో సబ్జెక్టుల్లో ఫెయిలై ఆగినవాళ్లది వేరే సంగతి. ఈ ఏడాదే ఫెయిలైతే జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, పోయిన సబ్జెక్టులు మాత్రం రాస్తే చాలు. ఫలితాలొచ్చాక ఫీజు గడువు చాలా తక్కువ రోజులుంటుంది. ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటే అది కాస్తా దాటిపోతుంది. ఫెయిలై ఏళ్లయినవాళ్లు కూడా తాము చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా ఫీజు కట్టి రాయవచ్చు. అయితే మీరు చదివిన పుస్తకాలు ఈపాటికి మారిపోయి ఉంటాయి. ఒకప్పుడు పదకొండు పేపర్లుండేవి, ఇప్పుడు ఆరే. ద్వితీయ భాషకు 20 మార్కులు వస్తే చాలు, మిగతా ఒక్కోదాంట్లో నూటికి 35 రావాలి. కొత్త పుస్తకాలు అందుకోవడం కష్టమనిపిస్తే ఓపెన్ స్కూల్‌లోకి మారవచ్చు. ఇదివరకు పాసైన సబ్జెక్టుల మార్కులను అక్కడికి బదిలీ చేయించుకునే వీలుంది. పాత ఫెయిల్ మెమోను 'ఫెయిలే గదా' అని పారేయకండి, బదిలీకి అదే ఆధారం.

ఇక ఆరో ఏడో చదివి మానేసినవాళ్లు, అసలు బడి ముఖమే చూడకుండా సాక్షర భారత్ లాంటి వాటిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్లు. మీకోసమే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. పద్నాలుగేళ్లు నిండి, చదవడం, రాయడం వస్తే నేరుగా టెన్త్‌లో చేరవచ్చు. ఆ వయసును ఆ ఏడాది ఆగస్టు 31 నాటికి లెక్కిస్తారు. పైవయసుకు హద్దు లేదు. కొడుకుతో కలిసి టెన్త్ రాసిన తల్లులు మా దగ్గర ఉన్నారు. టెన్త్ పాసై పదిహేనేళ్లు నిండితే ఓపెన్ ఇంటర్‌లో చేరవచ్చు.

సబ్జెక్టులు

ఓపెన్ టెన్త్‌లో భాషలు, మిగతా సబ్జెక్టులు కలిపి కనీసం అయిదు ఉండాలి. ఒక్కోదాంట్లో నూటికి 35 వస్తే పాస్. ఈ అయిదు ఏవన్నది మీ ఇష్టం కాబట్టి, కొంతమంది గణితం తీసేసి హోంసైన్స్ పెట్టుకుంటారు. 'లెక్కలు నాతోని కాదు మేడం, అది తీసెయ్యుండ్రి' అని ఫారం నింపేటప్పుడే బతిమాలుతారు.

ఆమెకు నలభై దాటి, మహిళా సంఘంలో లీడర్‌గా ఉంటూ, తన తృప్తి కోసం టెన్త్ కావాలంటే నేను సరే అంటాను. హోంసైన్స్‌లో ఉండేవి పోషకాహారం, పిల్లల పెంపకం, ఇంటి బడ్జెట్. ఇరవై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషికి అందులో సగం తెలిసిందే. కానీ అదే మాట ఇరవై రెండేళ్ల పిల్ల అంటే ఒప్పుకోను. గణితం లేకపోతే పాలిసెట్ లేదు, డాక్ సేవక్ లేదు. ఇంగ్లిష్‌దీ అంతే. కూర్చోబెట్టి లెక్కల పుస్తకం తెరిచి చూపిస్తాను. శాతాలు, వడ్డీ, లాభనష్టాలు, వైశాల్యాలు. సంఘంలో నెలనెలా వడ్డీ లెక్క నోటితో కట్టే మనిషికి శాతాలు రావంటే నేను నమ్మను. ఎనుమాముల మార్కెట్‌లో క్వింటాల్ మిర్చికి ధర, తూకం, కమీషన్ పోగా చేతికెంత వస్తుందో లెక్కేసే బిడ్డలు వీళ్లు. కాగితం మీద ఎట్లా రాయాలో తెలియదంతే. 35 మార్కులకు కావాల్సిన పాఠాలు నాలుగైదు పట్టుకుంటే ఆ సబ్జెక్టు గట్టెక్కుతుంది.

ఓపెన్ ఇంటర్‌లోనూ అయిదు సబ్జెక్టులే. సైన్స్ సబ్జెక్టులకు ప్రాక్టికల్స్ ఉంటాయి. కూలికి వెళ్తూ చదివేవాళ్లకు తెలుగు, ఇంగ్లిష్, చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం నేను చెప్పే కూర్పు. తర్వాత డిగ్రీలో బీఏకు పనికొస్తుంది, పోటీ పరీక్షల జనరల్ స్టడీస్‌కూ పనికొస్తుంది. నర్సింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం చేరాలనుకున్న కోర్సు నోటిఫికేషన్‌లో ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో చదివి, ఆ తర్వాతే ఫారం నింపండి.

కాగితాలు

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు ఇక్కడే. చదువు రాక ఆగినవాళ్లకంటే పేరు కుదరక ఆగినవాళ్లే మా దగ్గర ఎక్కువ.

కావాల్సినవి చెప్పడానికి తేలికే. ప్రైమరీ బడిలో ఆపేసి ఉంటే రికార్డ్ షీట్, హైస్కూల్లో ఆపేసి ఉంటే టీసీ. బడికే వెళ్లనివాళ్లకు పుట్టిన తేదీ సర్టిఫికెట్. ఆధార్, ఫొటోలు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు కుల ధ్రువీకరణ పత్రం, దివ్యాంగులకు సదరం సర్టిఫికెట్. ఫీజు రాయితీ వీటిని బట్టే వస్తుంది. ఆడవాళ్లకు ఎలాగూ రాయితీ ఉంటుంది.

చిక్కంతా ఈ కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడంలో ఉంది. గూడూరు వైపు తండా నుంచి వచ్చే ఒకామె కాగితాలు చెప్తాను. రికార్డ్ షీట్‌లో పుట్టింటి ఇంటిపేరు బానోతు. ఇంగ్లిష్‌లో దాని చివర 'యు' ఉంది. ఆధార్ పెళ్లయ్యాక తీసుకున్నది, అందులో అత్తింటి ఇంటిపేరు లావుడ్య. కుల సర్టిఫికెట్‌లో మళ్లీ బానోత్, 'యు' లేదు. పుట్టిన తేదీ రికార్డ్ షీట్‌లో జూన్‌లో ఉంటే ఆధార్‌లో జనవరి 1. మనిషి ఒక్కతే, కాగితాల మీద ముగ్గురు. మన ఊళ్లల్లో ఇది కొత్తేం కాదు. బడిలో చేర్చేటప్పుడు సారు వయసు చూసి జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవారు. ఆధార్ తీసేటప్పుడు ఏడాది మాత్రమే చెప్తే జనవరి 1 పడేది.

ఇలాంటప్పుడు నేను చెప్పేది ఒకటే. బడి కాగితం ఉన్నవాళ్లు దాన్నే మూలంగా పెట్టుకోండి. టెన్త్ మెమోలో పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ బడి కాగితంలో ఉన్నట్టే రావాలి. పెళ్లయినా సరే అక్కడ పుట్టింటి ఇంటిపేరే ఉంచండి. ఆ తర్వాత ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు గానీ పుట్టిన తేదీ ఒక్కసారే, కాబట్టి తొందరపడి ఏదో ఒక తేదీ ఇచ్చి ఆ అవకాశం పోగొట్టుకోకండి. ఇదంతా అడ్మిషన్ ఫారం నింపకముందే అయిపోవాలి. మెమో వచ్చాక అందులో ఒక్క అక్షరం దిద్దించాలన్నా అర్జీలు, ఆఫీసుల చుట్టూ తిరగడం. ముందే చేసుకుంటే ఆధార్ సెంటర్‌కు ఒకసారి వెళ్లొస్తే అయిపోతుంది.

రికార్డ్ షీట్ పోయిందని చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. మీరు చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. ఏ ఏడాది చేరారో సుమారుగా చెప్తే హెడ్మాస్టర్ వెతికి ఇస్తారు. ఆ బడి మూతపడి ఉంటే, లేదా ఇంకో బడిలో కలిసిపోయి ఉంటే, రిజిస్టర్లు ఎక్కడికి వెళ్లాయో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. మీతోపాటు అదే తరగతి చదివినవాళ్ల రికార్డ్ షీట్ ఉంటే పట్టుకెళ్లండి, అందులోని అడ్మిషన్ నంబర్ పక్కనే మీది దొరికే వీలెక్కువ. పాత కాగితంలో జిల్లా వరంగల్ అని, ఆధార్‌లో మహబూబాబాద్ అనో ములుగు అనో ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో ములుగు వేరైంది. ఆ సంగతి ఆఫీసుల్లో అందరికీ తెలుసు.

ఫారం నింపే దగ్గర

నోటిఫికేషన్ సాధారణంగా వానాకాలంలో, నాట్లు నడిచే రోజుల్లో వస్తుంది. చేతిలో పని, ఇంట్లో డబ్బు ఇబ్బంది, రెండూ ఉండే కాలం. గడువు దాటితే ఆలస్య రుసుముతో ఇంకొన్నాళ్లు తీసుకుంటారు, కానీ ఆ డబ్బు మీకు ఊరికే రాలేదు కదా. మీసేవలో ఫీజు కట్టి, ఆన్‌లైన్ ఫారం నింపి, దాని ప్రింటు, కాగితాల జిరాక్సులు స్టడీ సెంటర్‌లో ఇవ్వాలి. ఒరిజినల్స్ చూపించి మళ్లీ తెచ్చుకోండి, ఎవరి దగ్గరా వదిలి రావద్దు. అడ్మిషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. రెండోది పరీక్షల ముందు సబ్జెక్టుకు ఇంత అని కడతారు. చాలామంది మొదటిది కట్టి అంతా అయిపోయిందనుకుంటారు, హాల్‌టికెట్లు వచ్చే రోజున తమది లేదని తెలుస్తుంది.

ఫారం సబ్మిట్ నొక్కకముందు కంప్యూటర్ ముందు కూర్చుని మీ పేరు అక్షరం అక్షరం చదువుకోండి. ఇంగ్లిష్ రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లను వెంట తీసుకెళ్లండి. మీడియం తెలుగు అనే ఉందా, మీరు చెప్పిన సబ్జెక్టులే టిక్ అయ్యాయా చూడండి. మీసేవలో వెనకాల పది మంది నిలబడి తొందర పెడుతుంటారు. అయినా సరే, నిదానంగా చూసుకోండి.

దళారుల గురించి గట్టిగానే చెప్తున్నాను. 'మీరు క్లాసుకు రావద్దు, పరీక్ష కూడా రాయొద్దు, అంతా మేం చూసుకుంటం' అంటూ వేలకు వేలు తీసుకునేవాళ్లు ఊళ్లల్లో తిరుగుతుంటారు. మీ బదులు ఇంకొకరు రాస్తే 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం కింద కేసవుతుంది. రాసినవాళ్లతోపాటు మీరూ ఇరుక్కుంటారు. ఇంకొందరు పేరు వినడానికి ప్రభుత్వ బోర్డులా ఉండే ఏదో సంస్థ సర్టిఫికెట్ ఇస్తారు. ఉద్యోగంలో చేరేటప్పుడు వెరిఫికేషన్‌లో అది తేలిపోతుంది. మెడలో పుస్తెలు కుదువబెట్టి అట్లాంటి కాగితం కొనుక్కున్న ఒక తల్లి నా ముందు కూర్చుని ఏడ్చింది. ఆ డబ్బులో చిన్న భాగంతో ఆమె నిజంగానే చదువుకుని ఉండేది.

చదువు ఎట్లా సాగించాలి

చేరినవాళ్లకు పుస్తకాలు ఓపెన్ స్కూల్ నుంచే వస్తాయి. క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో. అన్నిటికీ రాలేకపోయినా, మొదటి రెండు మూడు, పరీక్షలకు ముందు జరిగేవి మాత్రం వదలొద్దు. ఇచ్చిన అసైన్‌మెంట్లు రాసి గడువులోపు ఇవ్వండి.

చాలామందికి చదివింది గుర్తుంటుంది. ఇబ్బందంతా రాతలోనే. ఏళ్ల తరబడి పెన్ను పట్టని చేయి మూడు గంటలు రాయాలి. జనవరి నుంచి మిర్చి ఏరుడు మొదలవుతుంది, సాయంత్రానికి వేళ్లు మండుతుంటాయి, అన్నం కలుపుకోవడమే కష్టం. ఆ చేతులతో రాయమని చెప్పడానికి నాకే మనసొప్పదు. అందుకే దసరా నుంచి సంక్రాంతి దాకా రోజుకు ఒక్క పేజీ రాయమంటాను. పాఠమే రాయాలని లేదు. సంఘం మీటింగ్‌లో ఏం మాట్లాడారో రాయండి, పుట్టింటికి ఉత్తరం రాయండి. తెలుగు పేపర్‌లో ఉత్తరం ఎలాగూ ఉంటుంది. మొదట్లో పేజీ రాయడానికి ముప్పావు గంట పట్టినవాళ్లు నాలుగు నెలలకు పావు గంటలో రాస్తారు. మిర్చి రోజుల్లో చదవడం మాత్రం పెట్టుకోండి, ఇంట్లో పిల్లలతో చదివించుకుని వింటే ఇంకా మంచిది.

పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకోండి. ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లు మొదట పేరాగ్రాఫ్ ఇచ్చి ప్రశ్నలడిగే భాగం సాధన చేయండి. జవాబు ఆ పేరాలోనే ఉంటుంది, ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ వాక్యం ఎత్తి రాస్తే మార్కులు వస్తాయి. సోషల్‌లో మ్యాప్ వదలొద్దు. ఇంట్లో గోడకు ఇండియా మ్యాప్, తెలంగాణ మ్యాప్ అంటించండి, నదులు, నగరాలు వంట చేసుకుంటూనే గుర్తుండిపోతాయి. తెలియని ప్రశ్నకు కూడా తెలిసినంత రాయండి. ఖాళీ వదిలిన చోట ఏ సారూ మార్కు వేయలేరు.

పరీక్షలు

పెద్ద పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లో, ఆ తర్వాతవి సెప్టెంబర్, అక్టోబర్‌లలో. పొద్దున పేపర్ తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం పేపర్ రెండున్నర నుంచి అయిదున్నర. మీ సబ్జెక్టు ఏ పూటో టైమ్‌టేబుల్‌లో వేలు పెట్టి చూసుకోండి. పూట పొరబడి వచ్చినవాళ్లను సెంటర్ దగ్గర ప్రతిసారీ చూస్తుంటాం.

ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్లవాళ్లకు ఏప్రిల్, మేలలోనే తునికాకు కోత. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులవి. పరీక్ష కోసం ఆకు మానుకోమని నేను చెప్పలేను. అందుకే వాళ్లకు ఇంకో దారి చెప్తాను. ఓపెన్ స్కూల్‌లో అడ్మిషన్ అయిదేళ్లు చెల్లుతుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. మేలో రెండో మూడో, అక్టోబర్‌లో మిగతావి అని విడగొట్టుకోండి. అయిదూ ఒకేసారి రాసి అన్నీ అంతంత మాత్రంగా చేయడం కంటే ఇది నయం. ఒక సబ్జెక్టు పోయిందని మొత్తం వదిలేసినవాళ్లుంటే, మీ అయిదేళ్లు ఇంకా అయిపోలేదేమో అడ్మిషన్ కాగితం తీసి చూడండి.

సెంటర్ టౌన్‌లో పడితే ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం కింద ఛార్జీ లేదు, ఆధార్ వెంట ఉంచుకోండి. పరీక్షకు ముందురోజు సెంటర్ ఎక్కడో ఒకసారి చూసి రండి. చంటిపిల్ల తల్లులు మూడు గంటలు పిల్లను చూసే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ టెన్షన్ లేకపోతేనే చేయి ఆడుతుంది.

రెగ్యులర్ ఇంటర్‌లో చిక్కుకున్నవాళ్లకు

కాలేజీలో ఇంటర్ చదివి ఆగినవాళ్లు కొందరు ఓపెన్‌లో కొత్తగా మొదలుపెట్టాలని వస్తారు. ముందు మీ మెమో చూసుకోండి. ఎంపీసీ, బైపీసీలకు రెండేళ్లు కలిపి 1000 మార్కులు. ప్రతి పేపర్‌లో 35 శాతం రావాలి. అంటే 60 మార్కుల ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లకు 21. ఫస్టియర్‌లో పోయినా సెకండియర్‌కు వెళ్లనిస్తారు కాబట్టి పాత బాకీలు అలాగే మిగిలిపోతాయి. ఒకటి రెండు పేపర్లే మిగిలుంటే సప్లిమెంటరీలో అవి రాసేయడమే దగ్గరి దారి.

మార్కుల్లో కలవని రెండు పరీక్షలున్నాయి: నైతికత, మానవ విలువలు ఒకటి, పర్యావరణ విద్య రెండోది. మార్కుల మొత్తంలో కలవవు గనక పిల్లలు తేలిగ్గా తీసుకుని ఎగ్గొడతారు. కానీ వాటిలో క్వాలిఫై కాకపోతే పాస్ సర్టిఫికెట్ ఇవ్వరు. అన్ని సబ్జెక్టులూ పాసైన పిల్ల డిగ్రీ అడ్మిషన్‌కు వెళ్లి, సర్టిఫికెట్ ఎందుకు రాలేదో తెలియక నిలబడిపోయిన సంగతి మా బంధువుల్లోనే జరిగింది. మీ ఇంట్లో ఫస్టియర్ చదివే పిల్లలుంటే ఆ రెండు పరీక్షల రోజు బలవంతంగానైనా పంపండి.

కాలేజీకి వెళ్లకుండా బోర్డు ఇంటరే రాయాలనుకునేవాళ్లకు ఆర్ట్స్ గ్రూపుల్లో హాజరు మినహాయింపు ఉంది. ఫీజు కట్టి ప్రైవేట్‌గా రాయవచ్చు. సైన్స్ గ్రూపులకు కుదరదు.

మెమో వచ్చాక

అందుకున్న రోజే కౌంటర్ దగ్గరే చదవండి. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, సబ్జెక్టులు. తప్పుంటే అక్కడే చెప్పి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. మార్కులు మరీ తక్కువనిపిస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు గడువు ఉంటుంది, దాటనివ్వకండి. పై చదువుకు వెళ్లేవాళ్లు వేరే బోర్డుకో యూనివర్సిటీకో మారేటప్పుడు అడిగే మైగ్రేషన్ సర్టిఫికెట్ సంగతి కూడా అప్పుడే కోఆర్డినేటర్‌ను అడగండి.

మెమోను లామినేషన్ చేయించకండి. వెరిఫికేషన్‌లో కాగితాన్ని ముట్టుకుని, వెలుగుకు పెట్టి చూస్తారు, ప్లాస్టిక్‌లో అతికిస్తే ఇబ్బంది. మామూలు కవర్లో పెట్టి, రంగు జిరాక్సులు కొన్ని తీసి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

టెన్త్ అయినవాళ్లు అదే వానాకాలం ఇంటర్ నోటిఫికేషన్‌లో కట్టేయండి. ఏడాది ఆగితే మళ్లీ పుస్తకం పట్టడం కష్టమవుతుంది. ఇంటర్ అయినవాళ్లకు, ఇల్లు, పని వదలకుండా తెలుగులో డిగ్రీ చదువుకోవడానికి 1982లో పెట్టిన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. మా సెంటర్‌లో టెన్త్ నుంచి మొదలుపెట్టి అక్కడ బీఏ ఫైనలియర్ దాకా వెళ్లిన అంగన్‌వాడీ ఆయా ఒకామె ఇప్పుడు ఆదివారాలు వచ్చి కొత్తవాళ్లకు ఫారాలు నింపిస్తోంది. ఆమె దగ్గరికి వచ్చేటప్పుడు రికార్డ్ షీట్, ఆధార్ రెండూ తెచ్చుకోండి. ముందు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే ఫారం తీస్తుంది.